థిక్‌నెస్ ప్లేనర్ – నా అనుభవాలు, నా పొరపాట్లు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 వ సంవత్సరం డిసెంబరు 17 న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే ఇనాము కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ హక్కు పుణ్యమా అని నెలనెలా నాలుగు డబ్బులు చేతికందుతున్నాయి. తీరిక కూడా బోలెడంత ఉంది. ఆ తీరికను ఏం చేసుకోవాలన్నదే మనలో చాలామందికి సమస్య. కొందరు గుళ్లో సేవ చేస్తున్నారు, కొందరు మనవళ్లను బడికి దింపి వస్తున్నారు. నేను చెక్కపని పట్టుకున్నాను.

మన కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ప్రతి ఏడూ డి.ఆర్., మెడికల్ బిల్లులు, ఆదాయపు పన్ను, ఇవే వింటున్నాం. ఈసారి మీ ఇంట్లో రొద పెట్టే ఆ మిషను గురించి చెప్పండి" అన్నారు. రొద విషయంలో మా వీధివారిని ఈ సభాముఖంగా క్షమాపణ కోరుకుంటున్నాను. వారిలో ఇద్దరు ముందు వరుసలోనే ఉన్నారు.

నేను 1972 లో ఎల్.డి.సి.గా చేరి, 2008 లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్లపాటు నా చేతికి తెలిసిన పనిముట్లు కలం, గుండుసూది, ట్యాగు, కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగు మిషను. కనుక నేనిప్పుడు చెప్పబోయేది మేస్త్రీ చెప్పే పాఠం కాదు. ఒక గుమాస్తా తప్పులు చేసి, నష్టపోయి నేర్చుకున్నది. ఆ తప్పులు దాచకుండా చెబుతాను. మీలో ఎవరైనా, మీ పిల్లల్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఆ నష్టం వారికి తప్పాలన్నదే నా ఉద్దేశం.

అసలు ఈ యంత్రం ఏం చేస్తుంది?

మన చిన్నప్పుడు ఊళ్లో వడ్రంగి బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి పలకను నున్నగా చేసేవాడు. హైదరాబాదులో ఆ చిత్రికనే రందా అంటారు. ఒక తలుపు పలకను రెండు వైపులా ఒకే మందానికి తీసుకురావాలంటే పొద్దుటి నుండి సాయంత్రం దాకా భుజాలు పడిపోయేవి. ఆ కష్టం తగ్గించే యంత్రాల కోసం ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ అనే ఆయన 1791 లోనే పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828 లో పేటెంటు పొందిన యంత్రం బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ వంశంలో పుట్టిన చిన్న యంత్రమే నేడు మన ఇళ్లలో పెట్టుకోగలిగిన థిక్‌నెస్ ప్లేనర్.

దీని నిర్మాణం సులభం. కింద నున్నటి ఇనుప బల్ల ఉంటుంది. దానిపైన అడ్డంగా ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ముకు రెండో మూడో బ్లేడ్లు. డ్రమ్ముకు ముందొకటి, వెనకొకటి రోలర్లు. పలకను ముందు నుండి అందిస్తే రోలర్లు దాన్ని బల్లకు అదిమిపట్టి లోపలికి లాగుతాయి. బ్లేడ్లు పైభాగాన్ని తొలుస్తాయి. పలక వెనుక నుండి బయటికి వస్తుంది. బల్లకూ బ్లేడుకూ మధ్య ఎంత ఎడం ఉంటే పలక అంత మందంతో వస్తుంది. పక్కనున్న చేతిపిడి తిప్పితే ఆ ఎడం తగ్గుతుంది.

మా మిషనులో డ్రమ్ము నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. బ్లేడ్లు రెండు. పలక నిమిషానికి ఎనిమిది మీటర్లు నడుస్తుంది. లెక్క కట్టండి: నిమిషానికి పదహారు వేల కోతలు, ఎనిమిది వేల మిల్లీమీటర్లు. అంటే ప్రతి మిల్లీమీటరుకూ రెండు కోతలు పడుతున్నాయి. అందుకే అంత నునుపు వస్తుంది.

ఇక్కడే ఒక ముఖ్య విషయం ఉంది. నేటి నా ప్రసంగంలో ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఈ యంత్రం పలకను సమమందం చేస్తుందే గాని, వంకర పలకను తిన్నగా చేయదు. పలక కింది ముఖం ఎలా ఉంటే దానికి సమాంతరంగా పై ముఖాన్ని కోస్తుంది. అంతే. మనం రాసిన డ్రాఫ్టులో తప్పుంటే టైపిస్టు ఎంత అందంగా ఫెయిర్ కాపీ కొట్టినా తప్పు తప్పుగానే ఉంటుంది కదా! ఇదీ అంతే. ఈ చిన్న విషయం తెలియక నేను మా నాన్నగారి తలుపు పలకను ఒకదాన్ని పోగొట్టుకున్నాను.

ఆ పలక కథ

మాది నల్లగొండ జిల్లా. 1998 లో మా ఊరి ఇల్లు పంపకాల్లో పడగొట్టినప్పుడు అన్నదమ్ములు తలా ఒక వస్తువు తీసుకున్నారు. నేను తలవాకిలి తలుపు అడిగి తెచ్చుకున్నాను. నాలుగు టేకు పలకలు. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం. మంచి చేవగల కర్ర. సరూర్‌నగర్ లో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో గోడకు ఆనించి పెట్టాను. ఏదో ఒకటి చేద్దామనుకుంటూనే ఇరవై ఏళ్లు గడిచాయి.

2017 లో డి.ఆర్. బకాయిలు చేతికి వచ్చినప్పుడు, రాణీగంజ్ కు వెళ్లి ఈ మిషను కొన్నాను. అప్పటికే మా ఆవిడ, "ఆ బకాయిలతో కాశీ వెళ్దామన్నారు గదండీ" అని గుర్తు చేసింది. కాశీకి తర్వాత వెళ్లాము, అది వేరే సంగతి. మొదటి మూడేళ్లు టింబర్ డిపోలో కోయించిన తిన్నటి పలకలే మిషనులో పెట్టాను. అన్నీ అద్దంలా వచ్చాయి. నాకు పని వచ్చేసిందనుకున్నాను. నిజానికి ఆ పలకలు ముందే తిన్నగా ఉండబట్టి నా అజ్ఞానం బయటపడలేదు.

2020 అక్టోబరు వర్షాలు మనవాళ్లెవరూ మరచిపోలేరు. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లి, దిగువ కాలనీలన్నీ నీట మునిగాయి. మా షెడ్డులో మోకాలి పైదాకా నీళ్లు రెండు రోజులు నిలిచాయి. మిషను ఎత్తు బల్ల మీద ఉండి బతికింది. పలకలు మాత్రం సగం తడిసి సగం పొడిగా ఉండిపోయాయి. వేసవి నాటికి చూస్తే నాలుగూ మెలి తిరిగాయి. నేల మీద పరిస్తే ఒక మూల పైకి లేచి టకటక కొట్టుకునేది.

"మిషనుంది గదా, తిన్నగా చేసేస్తాను" అనుకుని 2021 మే నెలలో ఒక పలకను నేరుగా లోపలికి తోశాను. రోలర్లు మెలిని అదిమి చదునుగా పట్టుకున్నాయి. బ్లేడు కోసింది. బయటికి రాగానే పలక మళ్లీ తన మెలిలోకి తిరిగింది. ఇంకొంచెం తీద్దామని మరోసారి, మరోసారి తోశాను. పలక సన్నబడిన కొద్దీ ఇంకా తేలికగా వంగి, ఇంకా తేలికగా యంత్రాన్ని మోసం చేస్తోంది. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల పలక పంతొమ్మిదికి వచ్చింది. మెలి మాత్రం మొదట ఎంతో అప్పుడూ అంతే. నాన్నగారి తలుపులో నాలుగో వంతు, అందులో సగం, ఒక గోనెసంచిలో పొట్టుగా మిగిలింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మా వీధి చివర ఉండే ఒక పెద్ద వయసు వడ్రంగి మేస్త్రీని మరునాడు పిలుచుకొచ్చి చూపించాను. ఆయన పలకను ఎత్తి, ఒక కన్ను మూసి పొడవునా చూసి, నవ్వకుండా అన్నాడు: "సార్, మిషన్‌కు కండ్లున్నయా? మీరు కింద ఏ మొఖం పెడ్తే పైన గదే మొఖం చేసిస్తది. వంకర పెట్టిండ్రు, వంకరనే ఇచ్చింది. గా మొదటి మొఖం మీరే సక్కగ చేసియ్యాలె."

ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఎందరో పై అధికారుల చేత నోట్ మీద "మళ్లీ రాయండి" అనిపించుకున్నాను గాని, ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. మిగిలిన మూడు పలకలనూ ఆయన చెప్పినట్లు చేశాను. ఆ పద్ధతి వరుసగా చెబుతాను.

మొదట ఆరబెట్టడం

తడి చెక్కను చదును చేస్తే అది ఆరిన తర్వాత మళ్లీ వంగుతుంది. కనుక తొందర పనికిరాదు. ఇంటి సామానుకు వాడే చెక్కలో తేమ సుమారు పది, పన్నెండు శాతం ఉంటే మంచిది. ఏ వాతావరణానికి ఎంత తేమ ఉండవచ్చో చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది, ఐ.ఎస్. 287. తేమ కొలిచే మీటర్లు దొరుకుతాయి. లేనివారికి నా గుమాస్తా పద్ధతి చెబుతాను. పలకల మధ్య అంగుళం మందం ఆపుచెక్కలు పెట్టి, గాలి తగిలేలా నీడలో పేర్చాలి. పదిహేను రోజులకొకసారి ఒక పలకను తూకం వేసి, తేదీతో సహా రిజిస్టరులో రాయాలి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆ గదిలో ఉన్న గాలికి తగినంత ఆరినట్లు. నేను తూకం మొదలుపెట్టినప్పుడు పన్నెండు కిలోలున్న పలక చివరికి పదిన్నర దగ్గర ఆగింది. ఆ రిజిస్టరు ఇప్పటికీ ఉంది. ఆడిట్ వారు వచ్చినా చూపించగలను.

మేకులు వెతకడం

పాత ఇళ్ల చెక్కలో మేకులు విరిగి లోపల ఉండిపోతాయి. బ్లేడుకు ఒక్క మేకు తగిలితే చాలు, అంచు పెచ్చు ఊడుతుంది. ఆ తర్వాత ప్రతి పలక మీదా గీత పడుతుంది. విరిగిన ముక్క ఎగిరితే ఇంకా ప్రమాదం. పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద మెల్లగా జరపండి. మేకున్న చోట అది లాగుతుంది. టేకులో ఇనుము చుట్టూ నల్లటి మరక కూడా ఉంటుంది, దాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఇత్తడి మేకులను మాత్రం అయస్కాంతం పట్టదు, వాటిని కంటితోనే వెతకాలి. పాత రంగును మిషనులో పెట్టకూడదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి గీకి తీసేయాలి.

మొదటి ముఖం తిన్నగా చేయడం

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది చేతి రందా. రెండు తిన్నటి పుల్లలను పలక రెండు చివర్లా అడ్డంగా పెట్టి, ఒక చివరి నుండి చూడాలి. రెండు పుల్లల అంచులూ ఒకదానితో ఒకటి కలిసి కనబడితే మెలి లేనట్లు. ఒకవైపు ఎత్తుగా కనబడితే ఆ మూలను రందాతో తీయాలి. చేతిలో సత్తువ ఉన్నవారికి ఇది మంచి పద్ధతి.

నా భుజాలకు అంత సత్తువ లేదు. మేస్త్రీ నాకు రెండో దారి చూపించాడు. పలక కన్నా కొంచెం పొడవైన మందపాటి ప్లైవుడ్ చెక్కను, వంకర లేనిది, వాహనంలా తీసుకోవాలి. మెలి తిరిగిన పలకను దాని మీద పెట్టాలి. ఎక్కడెక్కడ ఎడం ఉందో అక్కడ సన్నని చెక్క ముక్కలు దోపి, జిగురు చుక్కలతో కదలకుండా అతికించాలి. పలక ఎక్కడ నొక్కినా ఊగకూడదు. ప్లైవుడ్ ముందు చివర ఒక చిన్న అడ్డుపట్టీ కొడితే పలక జారదు. ఆ పట్టీ పలక కన్నా పల్చగా ఉండాలి, దానికి మేకులు కొట్టకుండా జిగురుతో అతికించాలి. ఇప్పుడు ప్లైవుడ్డుతో సహా మిషనులో పంపితే రోలర్లు పలకను వంచలేవు. ఎత్తుగా ఉన్న చోటే కోత పడుతుంది. నాలుగైదు సార్లు పంపేసరికి పై ముఖమంతా ఒకే సమతలానికి వస్తుంది. పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి పంపండి. గీతలన్నీ చెరిగిపోతే ముఖం తిన్నబడినట్లు. ఇక ప్లైవుడ్ తీసేసి, ఆ తిన్నటి ముఖాన్ని కిందికి పెట్టి, రెండో వైపు మామూలుగా కోసుకోవచ్చు.

మిషను అమర్చుకోవడం

కరెంటు విషయం మొదట చూడాలి. మోటారు రెండు వేల వాట్ల దాకా లాగుతుంది. పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో నడిపితే తీగ వేడెక్కుతుంది, మోటారు మూలుగుతుంది. మిషనును గట్టి బల్లకు నాలుగు బోల్టులతో బిగించాలి. దీని బరువు నలభై కిలోలకు తక్కువ ఉండదు. మన వయసులో ఒంటరిగా ఎత్తవద్దు. నడుము పట్టేస్తే మెడికల్ రీయింబర్స్‌మెంటు వచ్చేసరికి ఎన్నాళ్లవుతుందో మీకు తెలుసు.

తరువాత బ్లేడ్లు బల్లకు సమాంతరంగా ఉన్నాయా అని చూడాలి. ఒకే రకం పట్టీలు రెండు తీసుకుని, ఒకటి మిషను ఎడమ అంచున, ఒకటి కుడి అంచున, ఎత్తు మార్చకుండా పంపండి. రెంటినీ వెర్నియర్ కాలిపర్స్ తో కొలవండి. పదోవంతు మిల్లీమీటరు కన్నా ఎక్కువ తేడా ఉంటే, ప్లగ్గు పీకి, మిషనుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన విధంగా సరిచేసుకోవాలి. బ్లేడు ముట్టుకునే ముందు స్విచ్చి ఆపితే సరిపోదు. ప్లగ్గు పీకి, దాన్ని కంటికి కనబడే చోట పెట్టాలి.

టేకులో సహజంగా ఇసుక లాంటి సిలికా ఉంటుంది. అందువల్ల బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. మోటారు శబ్దం బరువెక్కినా, చెక్క మీద మెరుపు తగ్గినా బ్లేడు మార్చే వేళ వచ్చిందని తెలుసుకోవాలి. మా మిషను బ్లేడ్లకు రెండు వైపులా అంచుంటుంది, ఒకటి అరిగితే తిప్పి బిగించుకోవచ్చు.

కోయడంలో మెలకువలు

ఒకటి: కొంచెం కొంచెంగా తీయాలి. మా మిషనులో పిడి ఒక చుట్టు తిప్పితే రమారమి ఒకటిన్నర మిల్లీమీటరు దిగుతుంది. నేను పావు చుట్టు, మహా అయితే అర చుట్టు తిప్పుతాను. వెడల్పు పలకలకు పావు చుట్టే.

రెండు: చెక్క పోగు వాలు చూడాలి. చేప ఒంటి మీద తల నుండి తోకకు చెయ్యి జరిపితే నున్నగా ఉంటుంది, ఎదురు జరిపితే పొలుసు లేస్తుంది. చెక్కా అంతే. పోగు వాలుకు ఎదురుగా కోస్తే పెచ్చులు లేస్తాయి. పెచ్చు లేచిందంటే పలకను ముందువెనుకలుగా తిప్పి పంపండి.

మూడు: ఒక ముఖం తిన్నబడిన తర్వాత రెండు వైపుల నుండీ సమానంగా తీయాలి. ఒకే వైపు నుండి ఎక్కువ తీస్తే లోపలి తేమ బయటపడి పలక డొప్ప తిరుగుతుంది. కావలసిన మందానికి రెండు, మూడు మిల్లీమీటర్లు ఉండగా ఆపి, వారం రోజులు నిలబెట్టి, అప్పుడు ఆఖరి కోత కోస్తే ఇంకా మంచిది.

నాలుగు: పలక రెండు చివర్లా రెండు మూడంగుళాల మేర కొంచెం లోతుగా కోత పడుతుంది. అక్కడ పలకను ఒక్క రోలరే పట్టుకుని ఉండటం దీనికి కారణం. పలక పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని చివర వేలాడకుండా చేత్తో కొంచెం ఎత్తి పట్టుకుంటే ఇది తగ్గుతుంది. పూర్తిగా పోదు. కనుక ముందే రెండు వైపులా నాలుగేసి అంగుళాలు అదనంగా ఉంచుకుని, చివర కోసేసుకోవాలి. ఒకదాని వెనుక ఒకటి రైలు పెట్టెల్లా ఆనించి పంపితే మధ్య పలకలకు ఈ బాధ ఉండదు.

అయిదు: ఒకే మందం కావలసిన ముక్కలన్నిటినీ ప్రతి కోతకూ కలిపి పంపాలి. ఒకదాన్ని పూర్తిగా ముగించి, తర్వాత రెండోది మొదలుపెడితే పిడి అదే గీత దగ్గరికి తెచ్చినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందరికీ ఒకే తేదీ నుండి ఒకే శాతం డి.ఆర్. ఇచ్చినట్లు, అన్ని ముక్కలకూ ఒకే కోత పడాలి.

చేతులు జాగ్రత్త

ఇప్పుడు నా రెండో పొరపాటు. ఒకసారి తొమ్మిది అంగుళాల చిన్న ముక్కను మిషనులో పెట్టాను. ముందు రోలరు వదిలేసింది, వెనుక రోలరు ఇంకా అందుకోలేదు. మధ్యలో ముక్క పైకి లేచి బ్లేడుకు తగిలి వెనక్కి విసిరింది. నేను సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాను. పొట్ట మీద తగిలింది. రెండు వారాలు నల్లగా కమిలి ఉంది. కొంచెం పైన తగిలి ఉంటే కళ్లద్దాలు, కన్ను రెండూ పోయేవి. ఇంట్లో ఏమైందని అడిగితే బల్ల తగిలిందని చెప్పాను. మా ఆవిడ ఇవాళే మొదటిసారి నిజం వింటోంది.

కనుక ఈ నియమాలు రాసి గోడకు అంటించుకోండి.

(1) పద్నాలుగు అంగుళాల కన్నా పొట్టి ముక్కను పంపకూడదు.

(2) ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి. వంగి లోపలికి చూడకూడదు.

(3) పలక ఆగిపోతే వేళ్లతో తోయకూడదు. స్విచ్చి ఆపి, డ్రమ్ము పూర్తిగా నిలిచాక, ప్లగ్గు పీకి చూడాలి.

(4) భుజం మీద తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, చేతికి గ్లౌజులు, గడియారం, ఉంగరం ఉండకూడదు. గ్లౌజులు రక్షణ అనుకుంటాం. రోలరు గ్లౌజును పట్టుకుంటే చెయ్యి కూడా దానితోనే పోతుంది.

(5) కరెంటు పోతే వెంటనే స్విచ్చి ఆపాలి. మరచిపోయి లోపల చెయ్యి పెట్టిన క్షణంలోనే కరెంటు తిరిగి రావచ్చు.

(6) చెవులకు మూతలు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995 లోనే చెక్క ధూళిని క్యాన్సరు కారకాల్లో చేర్చింది. కరోనా రోజుల్లో కొన్న మాస్కులు మిగిలి ఉంటే ఇక్కడ పనికి వస్తాయి.

(7) మత్తుగా అనిపించే మాత్ర వేసుకున్న పూట మిషను జోలికి పోవద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలే వద్దు.

మనకు జీవన ప్రమాణ్ పత్రానికి ఏటా వేలిముద్ర అడుగుతారు. బతికి ఉన్నామని రుజువు చేసుకోవడానికైనా వేళ్లు భద్రంగా ఉంచుకోవాలి గదా!

మిగిలిన మూడు పలకలు

2023 లో మా మనవరాలి పెళ్లి కుదిరింది. కూతురు ఫోనులో, "నాన్నా, పీటలు అద్దెకు తెద్దామా?" అంది. వద్దమ్మా, నేను చేస్తానన్నాను. రెండు పలకల నుండి ముప్పై రెండేసి అంగుళాల ముక్కలు నాలుగు తీశాను. ప్లైవుడ్ వాహనం మీద ఒక్కొక్కదాని మొదటి ముఖం తిన్నగా చేశాను. ఆ తర్వాత నాలుగింటినీ ఒకే వరుసలో, ఒకే కోతలో ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లకు తెచ్చాను. చివర్లు కోసేసి, రెండేసి జోడించి అతికిస్తే రెండు పీటలయ్యాయి. కింద అడ్డపట్టీలు మేస్త్రీ వేశాడు. డబ్బు పుచ్చుకోలేదు. పెళ్లి భోజనానికి కుటుంబంతో వచ్చాడు.

పీటలు రెండూ పక్కపక్కన పెట్టి మీద చెయ్యి జరిపితే ఎక్కడా మెట్టు తగలలేదు. కాళ్లు ముడవలేని రోజులు గనుక ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో కుర్చీలు వేస్తున్నారు. మా మనవరాలు మాత్రం జీలకర్ర బెల్లం వేళకు పీట మీదే కూర్చుంది.

ఒక పీట అంచు దగ్గర పాత గొళ్లెం పెట్టిన రంధ్రం ఉండిపోయింది. దాన్ని పూడుద్దామనుకుని, పనుల హడావిడిలో మరచిపోయాను. పెళ్లి అయ్యాక మా అక్కయ్య వచ్చి పీట పక్కన కూర్చుంది. ఆమెకు ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. పీటను చేత్తో తడుముతూ ఆ రంధ్రం దగ్గర ఆగింది. అందులో వేలు పెట్టి, "ఓరి తమ్ముడూ, ఇది మన వాకిలి తలుపు గదరా! చిన్నప్పుడు నాయిన రాత్రి పూట గొళ్లెం పెట్టేటోడు" అంది. కాసేపు వేలు తీయలేదు.

మూడో పలక ఇంకా షెడ్డులో ఉంది. ఏం చేయాలో నిర్ణయించుకోలేదు. పాడైన మొదటి పలక కూడా పక్కనే ఉంది. దాని మీద సుద్దతో "19 మి.మీ." అని రాసి పెట్టాను. పని నేర్చుకుందామని ఎవరైనా వస్తే మిషను కన్నా ముందు దాన్నే చూపిస్తాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా పాత తలుపో, మంచం పట్టెలో, ఊయల బల్లో మూలన పడి ఉంటే, పాత సామానువాడికి కిలోల లెక్కన ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించమని మనవి. ప్రతి నెలా రెండో శనివారం ఉదయం పది నుండి పన్నెండు వరకు మా షెడ్డు తెరిచి ఉంటుంది. చెక్క తెచ్చుకోండి, మేకులు మాత్రం ఇంట్లోనే తీసి తీసుకురండి. పన్నెండు దాటితే మా వీధివారు మధ్యాహ్నం నిద్రపోతారు, అప్పుడు మిషను వేయనని వారికి మాట ఇచ్చాను.

పొట్ట మీద దెబ్బ విషయం ఇంటికెళ్లాక విచారణకు వస్తుంది గనుక మీ అందరి సానుభూతిని ముందుగానే కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను.